కిరాయికివ్వని యూనిఫాం

1949 మే నెలలో నేను హైదరాబాద్–నాగపూర్ సర్వీసు మీద కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. పోలీస్ యాక్షన్ జరిగి ఇంకా ఏడాది నిండలేదు. రాష్ట్రంలో మిలిటరీ గవర్నరు పాలన నడుస్తోంది. పల్లెల్లో దొరల మీద కమ్యూనిస్టుల సంఘం పోరాటం ఆగలేదు. సంఘం భయంతో పట్నం చేరిన దొరలు పోలీసు క్యాంపుల అండ చూసుకుని ఒక్కొక్కరే కోటల్లాంటి తమ గడీలకు తిరిగి వస్తున్నారు. బేగంపేట నుంచి నడిచే మా విమాన కంపెనీ, కొంతకాలం మూతబడ్డ సర్వీసులన్నీ మళ్లీ మొదలుపెట్టి, తన పాత దర్జా ఏమాత్రం తగ్గలేదని చాటుకునే పనిలో ఉంది. ఆ దర్జాలో సగం మా పైలట్ల ఒంటి మీదే ఉండేది.

ఈ కాలం పాఠకులకు బత్తా సంగతి కొంచెం చెప్పాలి. సొంత స్టేషను వదిలి బయట బస చేసిన ప్రతిసారీ, తిండికీ పడకకూ కంపెనీ పైలట్‌కు జీతం కాక ఇచ్చే డబ్బు అది. మాకు దాన్ని యూనియన్ రూపాయిల్లో, అంటే కలదార్లలో, ఇచ్చేవారు. మన నిజాం నాణెం హాలీ సిక్కా కన్నా కలదారుకు విలువెక్కువ. కాబట్టి బత్తా అంటే అందరికీ ఆశే. అయితే దాన్ని ఎలా వాడుకోవాలన్న దానిమీద పైలట్లలో గట్టి పట్టింపులుండేవి. సీనియర్ కెప్టెన్లు చాలామంది యుద్ధంలో విమానాలు నడిపి వచ్చినవాళ్లు. కెప్టెన్ అన్నవాడు మంచి హోటల్లో దిగాలి, బేరాకు ఇనాం ఇవ్వాలి, నలుగురి కళ్లముందు ఖర్చు పెట్టాలి అనేవారు. బత్తా మిగుల్చుకునేవాణ్ణి వాళ్లు మనిషిలా చూసేవారు కారు. తెల్ల చొక్కా, నల్ల టై, భుజాల మీద బంగారు పట్టీలు చూసి ప్రయాణికులు నమ్మకంగా విమానం ఎక్కుతారనీ, ఆ దుస్తుల్లో ఉన్న మనిషి పైసా పైసా చూసుకుంటే ఆ నమ్మకం పోతుందనీ వాళ్ల వాదన.

ఆ వాదనను ఒక్క క్షణం కూడా ఒప్పుకోని మనిషి కెప్టెన్ రాఘవేందర్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని యుద్ధకాలంలో రవాణా విమానాలు నడిపినవాడు. అంత పొదుపరిని నేను మళ్లీ చూడలేదు. నాగపూర్‌లో మిగతావాళ్లు హోటల్‌కు పోతే ఆయన స్టేషను దగ్గరి ధర్మశాలకు పోయేవాడు. ఇంటి నుంచి సర్వపిండి కట్టించుకుని వచ్చేవాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే కాదనేవాడు కాదు. నాగపూర్‌లో మా ఏజెంటు ఇంట్లో పెళ్లి జరిగితే అన్ని పూటలూ అక్కడే భోంచేశాడని కంపెనీలో కథలు చెప్పుకునేవారు. వెనక ఆయన్ని ‘సర్వపిండి కప్తాన్’ అనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసు, లెక్కచేయలేదు.

అయితే యూనిఫాం విషయంలో ఆయన్ని వేలెత్తి చూపగలిగినవాడు మాత్రం కంపెనీలో ఒక్కడూ లేడు. కాలరు అరిగితే తిరగేసి కుట్టించుకునేవాడు గానీ మాసిన కాలరుతో కనిపించేవాడు కాదు. ప్యాంటు తడిపి, మడత సరిచేసి, పరుపు కింద పెట్టి పడుకునేవాడు. పొద్దున లేచేసరికి అది కత్తిలా ఉండేది. ఇంత జాగ్రత్త ఎందుకని ఒకసారి అడిగితే, నౌకరి చేసే పెద్దమనిషికి శుభ్రంగా ఉండనీకి పైసలక్కరలేదు, ఓపిక కావాలె అన్నాడు.

ఆ రోజు మేము నాగపూర్ నుంచి తిరిగి వస్తున్నాం. రెండు ఇంజన్ల డకోటా విమానం, సీట్లు దాదాపు నిండాయి. మెదక్ దగ్గరపడుతుండగా కుడి ఇంజన్ ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. కెప్టెన్ ఆ ఇంజన్ ఆపేసి ఫెదర్ చేయించాడు. అంటే పంకా రెక్కలు గాలికి అడ్డం పడకుండా వాటిని అంచు మీదికి తిప్పడం. డకోటా ఒక ఇంజన్ మీద కూడా బేగంపేట దాకా పోగలదు. కానీ బేగంపేట టవర్ వాళ్లు గాలిదుమారం లేచిందనీ, రన్‌వే కనబడటం లేదనీ, గాల్లోనే ఆగమనీ చెప్పారు. మే నెల వేడి గాలిలో, నిండు బరువుతో, ఒక్క ఇంజన్ మీద ఆగడం అంటే కొద్దికొద్దిగా కిందికి జారడమే.

ఎదురుగా మెదక్ పెద్ద చర్చి గోపురం కనిపిస్తోంది. నేను ఆ ఊరివాణ్ణే. మా నాయన అక్కడి మిషన్ బడిలో టీచరు. కెప్టెన్ నా వైపు తిరిగి, “నీ ఊరే గద తమ్మీ. బల్లపరుపు నేల యాడుందో జెప్పు,” అన్నాడు. ఊరికి కౌడిపల్లి వైపు ఒక పెద్ద చెరువు ఉంది. వేసవిలో దాని శిఖం, అంటే నీళ్లు ఇంకిపోయిన చెరువు అడుగు నేల, గట్టిపడి మైదానంలా ఉంటుంది. నేను దాన్ని చూపించాను. ఆయన ఒక చుట్టు చుట్టి, పశువులు లేవని చూసుకుని, చక్రాలు దించి దిగాడు. అంత మెత్తగా బేగంపేటలో కూడా ఆయన దిగగా నేను చూడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కానీ ఆ శిఖంలో ఒక పక్క పుచ్చతోటలున్నాయి. పైనుంచి చూస్తే ఆకుపచ్చగా గడ్డిలా కనిపించింది. మా చక్రాలు ఒక తోట మధ్యనుంచి పోయాయి. కాయలు పగిలి, తీగలు తెగి, నేలంతా ఎర్రగా అయింది. మేము కిందికి దిగేసరికి ఆ తోట మనిషి ఎల్లవ్వ ఎదురొచ్చింది. మా అమ్మ వయసుంటుంది. అక్కడున్న మిగతావాళ్లు గట్టు మీదికి పారిపోయారు. ఈమె మాత్రం కొంగు నడుముకు దోపి నిలబడి కెప్టెన్‌ను అడిగింది.

“గాలిమోటరు దించనీకి నా తోటనే దొరికిందా బిడ్డా? పక్కపొంటి గింత నేలుంది గద.”

కెప్టెన్ టోపీ తీశాడు. “లోపల మనుషులున్నరు అవ్వా, తప్పలేదు. నీ పంటకు నేను పైసలిస్త.”

“నువ్వు పోలీసోనివా, మిల్ట్రోనివా?”

“ఎవర్నీ కాను. బస్సు డ్రైవర్ లెక్క. గిది నడుపుత.”

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. నమ్మినట్టు లేదు. పట్టీలున్న దుస్తులు వేసుకున్నవాడు డబ్బు ఇస్తాననడం ఆమె అంతకుముందు వినివుండదు.

ఆ మాటలు పూర్తికాకముందే గట్టు దాటి ఒక మోటారు కారు వచ్చింది. అందులో ఆ చెరువు పక్క పల్లె దొర, ఆయన పక్కన పోలీసు అమీన్. అమీన్ అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్. దొర పోయిన చలికాలంలోనే పట్నం నుంచి గడీకి తిరిగి వచ్చాడని తర్వాత మా నాయన చెప్పాడు. దొర చాలా మర్యాదగా మాట్లాడాడు. మాకు, ప్రయాణికులందరికీ గడీలో భోజనం తయారవుతోందనీ, పరుపులు వేయించాననీ, ఇంజన్ బాగయ్యేదాకా తన అతిథులుగా ఉండాలనీ అన్నాడు. కెప్టెన్ ముఖం వెలిగింది. కోటు గుండీలు పెట్టుకుని, టోపీ సరిచేసుకుని కారు వైపు కదిలాడు. నాకు లోపల నవ్వొచ్చింది. బత్తా మిగిలింది, విందు దొరికింది, ఇక ఈయనకు కావలసిందేముంది అనుకున్నాను.

కారు దగ్గర దొర అసలు మాట చెప్పాడు. ఈ శిఖంలో తోటలు వేసుకున్నవాళ్లు ఇంతకుముందు ఆయనకు పంటలో పాలు, అంటే వాటా, ఇచ్చేవారట. సంఘం వచ్చాక ఇవ్వడం మానేశారు. సర్కారు నేలకు నీకెందుకియ్యాలె అని అడుగుతున్నారు. సాయంత్రం ఆ పాలు అడగడానికి వాళ్లందరినీ గడీ ముందుకు పిలిపిస్తాడట. పోలీస్ యాక్షన్‌లో గాలిమోటర్లు తలల మీదుగా తిరిగినప్పటి భయం పల్లె జనంలో ఇంకా ఉంది. ఇప్పుడు ఒకటి ఏకంగా ఊళ్లోనే దిగింది.

“మీరేం మాట్లాడకుండ్రి కప్తాన్ సాబ్,” అన్నాడు దొర. “గీ డ్రెస్సుల నా పక్కన కుర్చీల కూసుంటే సాలు. మాట నేన్ జెప్త.”

కెప్టెన్ కారు తలుపు మీద వేసిన చెయ్యి తీసేశాడు.

“ఒట్టి భోజనానికైతె వస్తుంటి దొరవారూ. గీ డ్రెస్సు మాత్రం కిరాయికియ్య.”

దొర నవ్వి, ఇది కిరాయి కాదు, దోస్తీ అన్నాడు. దోస్తులు ఎదుటివాని డ్రెస్సు చూసి పిలవరని కెప్టెన్ జవాబిచ్చాడు. గొంతు పెంచలేదు. కానీ అమీన్ ముందు, ప్రయాణికులందరి ముందు, గట్టు మీద నిలబడ్డ జనం ముందు అన్నాడు. దొర ముఖం మాడిపోయింది. ప్రయాణికుల్లో ఒక కంట్రాక్టరు, మరో ఇద్దరు ఆ కారులోనే గడీకి వెళ్లారు. కెప్టెన్ వాళ్లను ఆపలేదు. ఎక్కడ తినాలన్నది వాళ్ల ఇష్టమనీ, తనకెక్కడన్నది తన ఇష్టమనీ అన్నాడు.

మిగతావాళ్లను నేను దొరికిన ఎడ్లబండ్లలో మెదక్ తీసుకువెళ్లి, హైదరాబాద్ బస్సు ఎక్కించి, బేగంపేటకు తంతి కొట్టాను. పొద్దుగూకేలోపు ఇంటికి పోయి విషయం చెబితే మా అమ్మ అన్నం, కోడికూర, పచ్చిపులుసు గిన్నెల్లో కట్టి ఇచ్చింది. నేను తిరిగొచ్చేసరికి కెప్టెన్ విమానం రెక్క కింద కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు. పాడైన తోటకు మెదక్ బజారు ధర కట్టి ఎల్లవ్వ చేతిలో బత్తా డబ్బు పెట్టేశాడట. ఆమె ముందు తీసుకోలేదట. కలదార్లు కదా, చెల్లుతాయా అని అడిగిందట. మా అమ్మ పంపిన కూర ఆయన పూర్తిగా తిన్నాడు. దానికి ధర కడతాననలేదు. ఎవరి చేతి తిండి తినాలో ఆయనకు బాగా తెలుసు. ఆ రాత్రి మేమిద్దరం విమానంలోనే పడుకున్నాం.

నిజం చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. మా కుటుంబం పక్కనే మెదక్‌లో ఉంది. ఆ రోజుల్లో ఎవరినైనా పట్టుకుపోవడానికి సంఘం మనిషి అన్న ఒక్క మాట చాలు. పొద్దున్నే ఈ మాట కెప్టెన్‌తో అన్నాను. నీకు భయమైతే ఇంటికి పో, నేను తప్పు పట్టను అన్నాడు. తర్వాత బావి దగ్గర చొక్కా ఉతుక్కుని, పంకా రెక్క మీద ఆరేసి, ఎండలో పెళపెళలాడుతున్నదాన్ని తొడుక్కుని, టై కట్టుకుని, పైన కోటు వేసుకున్నాడు. మెదక్ మే ఎండలో కోటు! ఎవరి కోసమని అడిగితే, వచ్చేటోళ్ల కోసం అన్నాడు. నేను ఇంటికి పోలేదు. నేనూ టై కట్టుకున్నాను.

వాళ్లు పొద్దెక్కాక వచ్చారు. అమీన్, ఇద్దరు జవాన్లు. దొర కారులోనే కూర్చున్నాడు. ఎల్లవ్వ, మరో ఇద్దరు తోట మనుషులు విమానం పక్కనే ఉన్నారు. అమీన్ మాతో మాట్లాడకుండా నేరుగా ఎల్లవ్వ దగ్గరికి పోయాడు. ఈమె కొడుకు సంఘంలో ఉన్నాడనీ, వాంగ్మూలం ఇవ్వడానికి క్యాంపుకు రావాలనీ అన్నాడు. క్యాంపుకు పోయినవాళ్లు ఎలా తిరిగొస్తారో అక్కడ అందరికీ తెలుసు. ఎల్లవ్వ వెనక్కు తగ్గలేదు. “నా కొడుకు యాడున్నడో నాకెర్క లేదు. ఎర్కైనా నీకు జెప్ప,” అంది.

జవాను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. కెప్టెన్ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

ఇక్కడ మా వృత్తి నిబంధన ఒకటి చెప్పాలి. విమానం ఏరోడ్రోమ్ కాని చోట దిగితే, ఇంజనీర్లు వచ్చేదాకా దాని బాధ్యత పూర్తిగా కెప్టెన్‌దే. కాపలాకు స్థానికులను కూలికి పెట్టుకునే అధికారం ఆయనకుంది. ముందురోజు సాయంత్రమే ఆయన ఎల్లవ్వనూ ఆ ఇద్దరినీ కాపలాకు పెట్టాడు.

“తోల్కపోతె తోల్కపోండ్రి అమీన్ సాబ్,” అన్నాడు. “కని గీమె నా విమానానికి కావలి మనిషి. రేపు గీ రెక్కకో చక్రానికో ఏమన్నయితె, కావలి ఎందుకు లేదని మిలిటరీ గవర్నర్ ఆఫీసుకు నేను జవాబు రాయాలె. మీ పేరు ఎట్ల రాయాలెనో జర సాఫ్‌గ జెప్పుండ్రి.”

అమీన్ ఆయన భుజాల మీది పట్టీల వైపు చూశాడు. ఆ పట్టీలకు చట్టంలో పోలీసు మీద ఏ అధికారమూ లేదు. అది కెప్టెన్‌కు తెలుసు, నాకు తెలుసు. అమీన్‌కు మాత్రం కచ్చితంగా తెలియదు. మండే ఎండలో గుండీలన్నీ పెట్టుకుని, చెమట తుడుచుకోకుండా నిలబడ్డ మనిషిని చూసి ఆయన వెనక ఎవరో ఉన్నారనుకున్నట్టున్నాడు. పేరు చెప్పలేదు. కారు దగ్గరికి వెళ్లి దొరతో ఏదో మాట్లాడాడు. కారు తిరిగిపోయింది.

నేను కెప్టెన్‌ను అడిగాను. నిన్న డ్రెస్సు కిరాయికివ్వనన్న మనిషి ఈ రోజు అదే డ్రెస్సుతో అమీన్‌ను బెదిరించడం ఏమిటని. ఆయన కోటు విప్పి రెక్క మీద వేసి, విమానం కాపాడుడు నా పని, దొరకు పాలు వసూలు చేసుడు నా పని గాదు, గంతే ఫరక్ అన్నాడు.

బేగంపేట నుంచి లారీలో ఇంజనీర్లు వచ్చారు. ఆయిల్ గొట్టం పగిలింది, మార్చారు. సీట్లు, సామాను అన్నీ లారీ కెక్కించి, కొద్దిపాటి పెట్రోలు ఉంచుకుని, తోటలకు దూరంగా శిఖం పొడవునా పరుగెత్తించి ఆ తేలిక విమానాన్ని కెప్టెన్ పైకి లేపాడు. తోటల మనుషులు విమానం లేపిన దుమ్ములోంచి మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. ఎవరూ చేతులూపలేదు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. దొర పట్నంలో పలుకుబడి ఉన్న మనిషి. కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. ఆపరేషన్స్ మేనేజరు కెప్టెన్‌ను పిలిపించాడు. ఒక ప్రముఖుడి ఆతిథ్యాన్ని తిరస్కరించాడనీ, యూనిఫాంలో నేల మీద కూర్చుని కూలివాళ్లతో పుచ్చకాయలు తిన్నాడనీ, దానివల్ల కంపెనీ పరువు పోయిందనీ ఆరోపణ. సర్వపిండి కప్తాన్ పిసినారితనం ఇంతదాకా వచ్చిందా అని క్లబ్బులో సీనియర్లు నవ్వుకున్నారు. ఆయన ఆ రెండు రోజుల్లో తన జేబులోంచి ఎంత వదులుకున్నాడో వాళ్లకు తెలియదు. ఆయన చెప్పలేదు. నన్ను కూడా చెప్పనివ్వలేదు.

పంటకిచ్చిన డబ్బూ, కావలి కూలీ కంపెనీ ఇవ్వలేదు. గడీలో ఉచితంగా భోజనం దొరుకుతుండగా బత్తా కూడా ఎందుకని మేనేజరు అడిగాడట. బత్తా నా తిండికిచ్చిండ్రు, ఎవరి విస్తట్ల తినాలెనో గందుల రాసి లేదు అని కెప్టెన్ జవాబిచ్చాడు. దొరకు మాఫీ, అంటే క్షమాపణ, రాసిస్తే విషయం ఇంతటితో వదిలేస్తామన్నారు.

“నేన్ ఆయన దగ్గర మెతుకు తిన్లేదు,” అన్నాడు కెప్టెన్. “మాఫీ దేనికి?”

ఆయన్ని ప్రయాణికుల సర్వీసు నుంచి తీసేసి సరుకు విమానాల మీద వేశారు. వాటికి బత్తా తక్కువ, పని మొరటు. ఆ సరుకు విమానాల మీద కూడా ఆయన ప్యాంటు మడత చెక్కుచెదరలేదు.

నన్నూ విడిగా పిలిచారు. నాకు కెప్టెన్‌గా ప్రమోషన్ దగ్గరపడింది. ఇంజన్ ఆగిపోయిన కంగారులో కెప్టెన్ మతి స్థిమితంగా లేడనీ, అందుకే అలా ప్రవర్తించాడనీ చెబితే సరిపోతుందన్నారు. ఆయన చేతులు ల్యాండింగ్‌లో వణకడం నేను చూడలేదనీ, అమీన్ ముందు కూడా చూడలేదనీ చెప్పాను. నా తర్వాత చేరినవాళ్లు ఇద్దరు నాకన్నా ముందు కెప్టెన్లయ్యారు. దానికి నాకు అప్పుడు విచారం లేదు, ఇప్పుడూ లేదు.

మా అమ్మ ద్వారా కొన్ని సంగతులు తెలిసేవి. ఎల్లవ్వను ఆ తర్వాత ఒకసారి క్యాంపుకు తీసుకెళ్లి రెండు రోజులుంచి వదిలారట. ఆమె కొడుకు సంగతి మాకు తెలియలేదు. మరుసటి వేసవిలో ఆ దారిన పోతూ కిందికి చూశాను. శిఖంలో తోటలున్నాయి. అవి ఎవరివో, పంటలో ఎవరికి పాలు పోతోందో పైనుంచి తెలియదు. కొన్నేళ్లకు విమాన కంపెనీలన్నీ సర్కారులో కలిసిపోయాయి. రాఘవేందర్ గారు మళ్లీ ప్రయాణికుల సర్వీసుకు వచ్చి, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నారు. మాఫీ మాత్రం రాయలేదు.

నేను చివరి సంవత్సరాల్లో కొత్త పైలట్లకు పరీక్షాధికారిగా ఉన్నాను. బత్తా ఖర్చుపెట్టాలా, మిగుల్చుకోవాలా అని వాళ్లు వాదించుకుంటుండేవారు. రెండూ ఎవరి ఇష్టం వాళ్లది. ధర్మశాలలో పడుకుంటే కెప్టెన్ చిన్నవాడు కాడు, పెద్ద హోటల్లో పడుకుంటే పెద్దవాడూ కాడు. దుస్తులు శుభ్రంగా ఉండాలి, వాటిని చూపించి మనది కాని పని చేయకూడదు. బత్తా గురించి వాళ్లకు నేను చెప్పింది ఒక్కటే. తినకూడని చోటు నుంచి ఆకలితోనైనా లేచి రావడానికి వీలుగా కంపెనీ మనకిచ్చే డబ్బు అది.